లూకా మోడ్రిచ్ ఆట జీవితం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫుట్‌బాల్‌ను కొత్తగా చూడటం మొదలుపెట్టినవారు గోల్ కొట్టిన ఆటగాడి పేరునే ముందుగా గుర్తుపెట్టుకుంటారు. లూకా మోడ్రిచ్ పేరు ఆ వరుసలో అరుదుగానే కనిపిస్తుంది. అయినా, ఇరవై ఏళ్లుగా ఐరోపా ఫుట్‌బాల్‌ను శ్రద్ధగా చూస్తున్నవారిని మిడ్‌ఫీల్డర్ల గురించి అడిగితే మొదట వినిపించే పేర్లలో అతనిదీ ఒకటి. అతని ఆట గురించి మిత్రులు, బంధువుల పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్నలకు తెలిసినంత మేరకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

మోడ్రిచ్ ఎవరు?

లూకా మోడ్రిచ్ 1985 సెప్టెంబర్ 9న క్రొయేషియాలోని జాదర్ నగరంలో పుట్టాడు. అప్పటికి ఆ ప్రాంతం యుగోస్లావియాలో భాగం. డైనమో జాగ్రెబ్, టోటెన్‌హామ్, రియల్ మాడ్రిడ్ క్లబ్బులకు ఆడి, 2025 వేసవిలో ఇటలీలోని ఏసీ మిలాన్‌లో చేరాడు. రియల్ మాడ్రిడ్‌లో గడిపిన 13 సీజన్లలో 597 మ్యాచ్‌లు ఆడి 28 ట్రోఫీలు గెలిచాడు. ఆ క్లబ్ చరిత్రలో అన్ని ట్రోఫీలు గెలిచిన ఆటగాడు మరొకరు లేరు. వాటిలో ఆరు, ఐరోపా అగ్ర క్లబ్బులు తలపడే ఛాంపియన్స్ లీగ్ టైటిళ్లు. క్రొయేషియా జాతీయ జట్టుకు అత్యధిక మ్యాచ్‌లు ఆడిన ఘనత కూడా అతనిదే.

మిడ్‌ఫీల్డర్ చేసే పని అసలు ఏమిటి?

ఈ ప్రశ్నకు సరైన జవాబు దొరికితే మోడ్రిచ్ ఎందుకు గొప్పవాడో సగం అర్థమైనట్టే. డిఫెండర్ పని గోల్ పడకుండా చూడటం, ఫార్వర్డ్ పని గోల్ కొట్టడం. మిడ్‌ఫీల్డర్ ఈ రెండింటి మధ్య నిలబడి, బంతి ఎటు వెళ్లాలో, ఎంత వేగంగా వెళ్లాలో, ఎప్పుడు ఆగాలో నిర్ణయిస్తాడు. పొలంలో మడవ తిప్పే రైతును తలచుకోండి. కాలువలో నీరు ఒకటే. ఏ మడికి ముందు వదలాలి, ఏ గట్టు దగ్గర ఆపాలి, ఎప్పుడు గండి తెరవాలి అన్నది పార పట్టుకున్న మనిషి చూపు మీద ఆధారపడి ఉంటుంది. పంట చూసినవారు ధాన్యాన్ని మెచ్చుకుంటారు గానీ ఆ తెల్లవారుజామున మడవ తిప్పిన చేతిని చాలామంది చూసి ఉండరు.

మోడ్రిచ్ ఎక్కువగా ఆడింది మధ్య వరుసలో కుడివైపు. డిఫెండర్ల దగ్గర బంతి అందుకుని, ఎదుటి జట్టు ఒత్తిడిని తప్పించుకుంటూ, ఫార్వర్డ్‌లకు అందేంత దూరం తీసుకుపోవడం అతని ప్రధాన బాధ్యత. దానికి తోడు, బంతి చేజారితే వెనక్కి పరుగెత్తి మళ్లీ లాక్కోవాలి కూడా. 172 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషి తనకన్నా బలంగా ఉన్నవాళ్ల కాళ్ల మధ్య నుంచి బంతిని దొంగిలించుకుని లేవడం చూస్తే, పిట్ట కొంచెం కూత ఘనం అన్న మాట ఎవరికైనా గుర్తుకొస్తుంది.

అతని బాల్యం యుద్ధంలో గడిచిందంటారు. అది ఎంతవరకు నిజం?

పూర్తిగా నిజం. జాదర్‌కు దూరంగా, వెలెబిట్ కొండల అంచున ఉన్న మోడ్రిచి అనే చిన్న పల్లెలో అతని తాతగారి రాతి ఇల్లు ఉండేది. తాత పేరు కూడా లూకాయే. మనవడికి ఆయన పేరే పెట్టుకున్నారు. తల్లిదండ్రులు పనికి వెళ్తే పిల్లవాడు తాత దగ్గరే ఉండేవాడు. దాదాపు ఐదేళ్ల వయసులో ఆ కొండల్లో మేకలను తోలుతున్న లూకా వీడియో ఒకటి ఇప్పటికీ ఉంది.

1991లో క్రొయేషియా స్వాతంత్ర్యం ప్రకటించుకున్న తర్వాత యుద్ధం మొదలైంది. ఆ ఏడాది డిసెంబర్‌లో సెర్బ్ తిరుగుబాటు దళాల చేతిలో తాత హతమయ్యాడు, ఇల్లు తగలబడింది. కుటుంబం జాదర్‌కు పారిపోయి, నిరాశ్రయులకు ఇచ్చిన హోటల్ గదుల్లో ఏళ్ల తరబడి బతికింది. తండ్రి స్టిపే క్రొయేషియా సైన్యంలో పనిచేశాడు. నగరం మీద గుండ్లు పడుతున్న రోజుల్లో ఆ పిల్లవాడు హోటల్ కార్లు నిలిపే స్థలంలోనే బంతి ఆడేవాడు.

ఈ కథను చాలామంది "యుద్ధం అతన్ని గొప్ప ఆటగాడిని చేసింది" అన్నట్టుగా చెబుతారు. నేను ఆ మాటతో ఏకీభవించను. యుద్ధం ఆ కుటుంబం నుంచి తాతను, ఇంటిని తీసుకుంది తప్ప ఏమీ ఇవ్వలేదు. అతన్ని ఆటగాడిగా నిలబెట్టినవారు తల్లిదండ్రులు, జాదర్ క్లబ్‌లో పిల్లలకు ఆట నేర్పిన టొమిస్లావ్ బాషిచ్ వంటి గురువులు. కొత్తగా చదువుతున్నవారు వాళ్లను మర్చిపోకూడదు.

చిన్నగా ఉన్నాడని ఒక పెద్ద క్లబ్ తిరస్కరించిందట కదా?

అవును. ఆ తీరప్రాంతపు పిల్లలందరూ కలలుగనే హైదుక్ స్ప్లిట్ క్లబ్ అతన్ని పరీక్షించి, శరీరం మరీ బలహీనంగా ఉందని తీసుకోలేదు. దాంతో నిరుత్సాహపడి ఆట మానేసే ఆలోచన కూడా చేశాడు. బాషిచ్ పట్టు వదలకపోవడంతో కొనసాగి, చివరికి పదహారేళ్ల ప్రాయంలో హైదుక్‌కు ప్రధాన ప్రత్యర్థి అయిన డైనమో జాగ్రెబ్‌కు వెళ్లాడు.

బోస్నియా లీగ్‌లో గడిపిన ఏడాది అతనికి ఏం నేర్పింది?

డైనమో అతన్ని 2003లో బోస్నియాలోని జ్రిన్‌స్కి మోస్టార్ క్లబ్‌కు లోన్ మీద, అంటే తాత్కాలికంగా, పంపింది. అప్పటికి వయసు 18. అక్కడి మైదానాలు గతుకులు, డిఫెండర్లు మొరటు, రిఫరీలు చాలా తప్పులను చూసీచూడనట్టు వదిలేసేవారు. కాలి మీద పడే ప్రతి దెబ్బను తప్పించుకోవాలంటే బంతి తన దగ్గరకు చేరకముందే దాన్ని ఎటు పంపాలో నిర్ణయించుకోవాలి. సరిగ్గా ఈ అలవాటే తర్వాత అతని ఆటకు వెన్నెముక అయింది. ఆ సీజన్‌లో లీగ్ ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు. బోస్నియా లీగ్‌లో ఆడగలిగినవాడు ఎక్కడైనా ఆడగలడని తర్వాతి కాలంలో అతనే చెప్పుకున్నాడు.

మరుసటి ఏడాది ఇంటర్ జప్రెషిచ్‌లో కొంతకాలం ఆడి డైనమోకు తిరిగొచ్చాడు. అక్కడ దీర్ఘకాల ఒప్పందం కుదరగానే ఆ డబ్బుతో జాదర్‌లో తల్లిదండ్రులకు ఫ్లాట్ కొన్నాడు. హోటల్ గదుల్లో పెరిగిన కుర్రవాడు మొదట చేసిన పెద్ద ఖర్చు అదే కావడం నాకు ఎంతో నచ్చే విషయం. డైనమోతో వరుసగా మూడు లీగ్ టైటిళ్లు గెలిచాడు.

ఇంగ్లండ్‌లో రాణించాడా?

రాణించాడు, అయితే వెంటనే కాదు. 2008లో టోటెన్‌హామ్ దాదాపు 1.65 కోట్ల పౌండ్లకు అతన్ని కొన్నప్పుడు, ఇంత సన్నని మనిషి ఇంగ్లిష్ లీగ్ దూకుడుకు తట్టుకోగలడా అన్న అనుమానం బలంగా వినిపించింది. జట్టు కూడా ఆ సీజన్ ఆరంభంలో పట్టిక అడుగున పడి ఉంది. ఆ అక్టోబర్‌లో కోచ్‌గా వచ్చిన హ్యారీ రెడ్‌నాప్ అతనికి స్వేచ్ఛనిచ్చాడు, క్రమంగా మైదానం నడిమధ్యకు తెచ్చాడు. 2009లో కాలి ఎముక విరిగి కొన్ని నెలలు ఆటకు దూరమైనా, ఆ సీజన్ ముగిసేసరికి టోటెన్‌హామ్ నాలుగో స్థానంలో నిలిచి ఛాంపియన్స్ లీగ్‌కు అర్హత సాధించింది. 2011లో చెల్సీ అతన్ని కొనాలని పట్టుబట్టినా టోటెన్‌హామ్ అమ్మలేదు.

రియల్ మాడ్రిడ్‌లో మొదటి ఏడాది అతన్ని చెత్త కొనుగోలు అన్నారెందుకు?

2012 ఆగస్టు చివర్లో, సన్నాహక మ్యాచ్‌లన్నీ ముగిశాక జట్టులో చేరాడు. ఒకటిన్నర రోజు తిరక్కుండానే బార్సిలోనాతో సూపర్ కప్ మ్యాచ్‌లో ప్రత్యామ్నాయ ఆటగాడిగా దిగి ట్రోఫీ అందుకున్నాడు గానీ, ఆ తర్వాత తుది జట్టులో చోటు దొరకడమే కష్టమైంది. మధ్య వరుసలో షాబి అలోన్సో, ఖెదీరా, ఓజిల్ అప్పటికే కుదురుకుని ఉన్నారు. ఆ డిసెంబర్‌లో స్పెయిన్‌లోని ఒక ప్రముఖ క్రీడాపత్రిక నిర్వహించిన పాఠకుల ఓటింగ్‌లో సీజన్ మొత్తానికి అధ్వానమైన కొనుగోలు మోడ్రిచ్ అని తేలింది.

పరిస్థితి మారింది 2013 మార్చి 5న, మాంచెస్టర్ యునైటెడ్‌తో వాళ్ల మైదానంలో జరిగిన ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లో. యునైటెడ్ 1-0 ఆధిక్యంలో ఉండగా ఆ జట్టు ఆటగాడు నానికి రెడ్ కార్డు పడింది. కోచ్ మొరిన్యో వెంటనే డిఫెండర్ అర్బెలోవాను తప్పించి మోడ్రిచ్‌ను దింపాడు. కొద్ది నిమిషాల్లోనే పెనాల్టీ పెట్టె బయట ఒక ఆటగాడిని తప్పించి అతను కొట్టిన బంతి కుడి పోల్ లోపలి అంచును తాకుతూ వలలో పడింది. రొనాల్డో రెండో గోల్ కొట్టాడు, మాడ్రిడ్ ముందుకు వెళ్లింది. మూడు నెలల క్రితం ఓటు వేసిన పాఠకులను తప్పుపట్టాలని నాకు లేదు. మిడ్‌ఫీల్డర్ తన చుట్టూ ఉన్న పదిమంది కదలికలను చదవడం నేర్చుకోవాలి. కొత్త జట్టులో ఆ చదువుకు ఒక సీజన్ పట్టడం సహజం. ఫార్వర్డ్‌కు దొరికేంత ఓర్పు మిడ్‌ఫీల్డర్‌కు అభిమానుల దగ్గర దొరకదు.

లిస్బన్‌లో రామోస్ కొట్టిన గోల్‌కూ మోడ్రిచ్‌కూ సంబంధం ఏమిటి?

2014 మే 24 నాటి ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో అట్లెటికో మాడ్రిడ్ 1-0తో గెలుపు అంచున ఉంది. 93వ నిమిషంలో కార్నర్ తీసింది మోడ్రిచ్, తలతో గోల్ చేసింది సెర్జియో రామోస్. అదనపు సమయంలో రియల్ 4-1తో గెలిచి, పన్నెండేళ్లుగా ఎదురుచూస్తున్న పదో టైటిల్ అందుకుంది. మన దగ్గర అప్పటికి అర్ధరాత్రి దాటి రెండు గంటలైంది. ఇంట్లో అందరూ నిద్రపోతుంటే టీవీ శబ్దం పూర్తిగా తగ్గించి చూసిన నాకు, ఆ కార్నర్ ముందు అతను బంతిని గీత మీద సరిచేసి పెట్టిన తీరు ఇప్పటికీ కళ్లముందు ఉంది. ఓటమికి క్షణాల దూరంలో ఉన్న జట్టులో ఆ చేతుల్లో తొందర కనిపించలేదు.

క్రూస్, కాసిమిరోలతో కలిసి ఆడిన మధ్య వరుస ఎందుకంత పేరు పొందింది?

ముగ్గురూ మూడు రకాల మనుషులు కావడం వల్ల. కాసిమిరో వెనక నిలబడి దాడులను అడ్డుకునేవాడు. క్రూస్ ఎడమవైపు నుంచి కొలత వేసినట్టు పాస్‌లు పంచేవాడు. మోడ్రిచ్ బంతితో పాటు తానూ కదిలేవాడు. ఎదుటివారి వరుసలు చీలేది అతని పరుగుతోనే. 2016, 2017, 2018 ఛాంపియన్స్ లీగ్‌లను రియల్ వరుసగా గెలవడంలో ఈ మధ్య వరుసది పెద్ద పాత్ర. 2017 ఫైనల్‌లో యువెంటస్ మీద రొనాల్డో కొట్టిన రెండో గోల్‌ను చూడండి: కుడివైపు గోల్ లైన్ వరకు పరుగెత్తి బంతిని వెనక్కి అందించినవాడు మోడ్రిచ్.

2018 ప్రపంచ కప్‌లో అతను నిజంగా అంత గొప్పగా ఆడాడా?

ఆడాడు. క్రొయేషియా జనాభా నలభై లక్షల లోపు, అంటే ఒక్క హైదరాబాద్ నగరానికన్నా తక్కువ. ఆ దేశం రష్యాలో ఫైనల్ చేరింది, కెప్టెన్ మోడ్రిచ్ టోర్నీ ఉత్తమ ఆటగాడిగా గోల్డెన్ బాల్ అందుకున్నాడు. గ్రూప్ దశలో అర్జెంటీనాపై 3-0 గెలుపులో దూరం నుంచి కొట్టిన గోల్‌ను అందరూ గుర్తుచేసుకుంటారు. నేను మాత్రం జూలై 1న డెన్మార్క్‌తో జరిగిన మ్యాచ్‌నే ముందు చెబుతాను.

స్కోరు 1-1. అదనపు సమయం చివరికొచ్చింది, అందరి కాళ్లూ బరువెక్కాయి. అప్పుడు మైదానం మధ్య నుంచి మోడ్రిచ్ పంపిన ఒకే ఒక్క పాస్ డెన్మార్క్ రక్షణను నిలువునా చీల్చి సహచరుడు రెబిచ్ ముందు పడింది. గోల్‌కీపర్‌ను కూడా దాటేసిన రెబిచ్‌ను వెనక నుంచి పడగొట్టారు, పెనాల్టీ వచ్చింది. మోడ్రిచ్ కొట్టాడు, ష్మైకెల్ పట్టేశాడు. గెలుపు తెచ్చిన కాలే దాన్ని జారవిడిచింది. కొద్ది నిమిషాల తర్వాత, ఫలితం తేల్చే పెనాల్టీల షూటౌట్‌లో అదే గోల్‌కీపర్ ముందుకు అతను మళ్లీ నడిచి వెళ్లాడు. తప్పించుకునే వీలుండి కూడా వెళ్లాడు. ఈసారి నేరుగా మధ్యకు కొట్టి గోల్ చేశాడు. క్రొయేషియా గోల్‌కీపర్ సుబాషిచ్ మూడు పెనాల్టీలు ఆపడంతో క్రొయేషియా నిలిచింది.

ఆ తర్వాత రష్యాతో, ఇంగ్లండ్‌తో కూడా అదనపు సమయం ఆడాల్సి వచ్చింది. మూడు అదనపు సమయాలు కలిపితే 90 నిమిషాలు. అంటే ఫైనల్‌కు వచ్చేసరికి వాళ్లు ఫ్రాన్స్ కంటే ఒక పూర్తి మ్యాచ్ ఎక్కువ ఆడి ఉన్నారు. జూలై 15న మాస్కోలో 4-2తో ఓడిపోయారు. వర్షంలో తడుస్తూ గోల్డెన్ బాల్ అందుకున్నప్పుడు అతని ముఖంలో సంతోషం లేదు. 2022లో ఖతార్‌లో, 37 ఏళ్ల వయసులో, బ్రెజిల్‌ను ఇంటికి పంపిన జట్టుకు మళ్లీ కెప్టెన్‌గా ఉండి మూడో స్థానం తెచ్చాడు.

గోల్స్ అంత తక్కువ కొట్టినవాడికి బాలన్ డోర్ ఎలా ఇచ్చారు?

రియల్‌కు ఆడిన 597 మ్యాచ్‌లలో అతని గోల్స్ 43 మాత్రమే. బాలన్ డోర్ ఏటా ప్రపంచ ఉత్తమ ఆటగాడికి ఇచ్చే అవార్డు. 2008 నుంచి 2017 వరకు దాన్ని మెస్సీ ఐదుసార్లు, రొనాల్డో ఐదుసార్లు పంచుకున్నారు. 2018 డిసెంబర్‌లో ఆ వరుసను ఆపినవాడు మోడ్రిచ్. ఆ సంవత్సరం ఛాంపియన్స్ లీగ్ గెలిచిన జట్టుకు, ప్రపంచ కప్ ఫైనల్ ఆడిన జట్టుకు కూడా ఇరుసు అతనే. గోల్స్‌ను లెక్కపెట్టడం సులభం, గోల్‌కు మూడు పాస్‌ల ముందు జరిగినదాన్ని లెక్కపెట్టడం కష్టం. ఓటు వేసినవారు ఆ ఏడాది కష్టమైన పని చేశారు. ఇనియెస్టా, షావీ వంటి మిడ్‌ఫీల్డర్లకు అంతకుముందే దక్కి ఉండాల్సిన గౌరవం అది అన్నవారి వాదనలోనూ న్యాయం ఉంది. అది మోడ్రిచ్ అర్హతను తగ్గించదు.

కీలకమైన పెనాల్టీలు జారవిడుస్తాడన్న విమర్శ సరైనదేనా?

కొంతవరకు. ఐరోపా దేశాల కప్పు అయిన యూరోలో, 2008 క్వార్టర్ ఫైనల్‌లో టర్కీతో షూటౌట్‌లో మొదటి పెనాల్టీని బయటికి కొట్టాడు, క్రొయేషియా ఓడింది. 2018లో ష్మైకెల్ ఆపిన పెనాల్టీ గురించి పైన చెప్పాను. 2024 యూరోలో ఇటలీతో లైప్‌జిగ్‌లో ఆ జట్టు గోల్‌కీపర్ డొన్నరుమ్మ మరొకటి ఆపాడు. అయితే ఆ మ్యాచ్‌లో నిమిషం తిరక్కుండానే దగ్గర నుంచి గోల్ కొట్టి, 38 ఏళ్ల వయసులో యూరో చరిత్రలో అతిపెద్ద వయసు గోల్ వీరుడయ్యాడు. చివరి క్షణాల్లో ఇటలీ సమం చేయడంతో క్రొయేషియా ముందుకు వెళ్లలేకపోయింది. మ్యాచ్ ఉత్తమ ఆటగాడి ట్రోఫీని పట్టుకుని దిగాలుగా నిలబడిన అతని ఫొటో చూసి మనసు కలుక్కుమనని అభిమాని ఉండడు.

కాలి వెలుపలి అంచుతో పాస్ ఇవ్వడం కేవలం అలంకారమా?

కాదు. కుడికాలి ఆటగాడు బంతిని ఎడమవైపు నుంచి కుడికి వంచి పంపాలంటే మామూలుగా ఎడమ కాలు వాడాలి, లేదా శరీరాన్ని తిప్పుకోవాలి. ఆ తిప్పుకునే అర క్షణంలో డిఫెండర్ సర్దుకుంటాడు. మోడ్రిచ్ కుడి పాదం బయటి అంచుతో కొడతాడు కాబట్టి ఆ అర క్షణం మిగులుతుంది.

2022 ఏప్రిల్ 12న చెల్సీ మీద ఇచ్చిన పాస్ దీనికి ఉత్తమ ఉదాహరణ. సొంత మైదానంలో రియల్ 0-3తో వెనకబడి, రెండు మ్యాచ్‌ల మొత్తంలో 3-4తో పోటీ నుంచి జారిపోతోంది. 80వ నిమిషంలో ఎడమవైపు నుంచి అతను పాదం బయటి అంచుతో లేపిన బంతి చెల్సీ డిఫెండర్లందరి తలల మీదుగా వంపు తిరిగి, అప్పుడే దిగిన రోడ్రిగో పరుగుకు సరిగ్గా ఎదురుగా వాలింది. రోడ్రిగో దాన్ని నేల తాకనివ్వకుండా గోల్‌లోకి పంపాడు. అదనపు సమయంలో బెంజెమా పని ముగించాడు, ఆ ఏడాది కప్పు కూడా రియల్‌దే. అప్పటికి మోడ్రిచ్ వయసు 36.

నలభై ఏళ్లకు కూడా ఈ స్థాయిలో ఆడటం ఎలా సాధ్యమైంది?

క్రమశిక్షణ, తేలికైన శరీరం కొంత కారణం. అసలు కారణం అతని ఆట ఎన్నడూ వేగం మీద మాత్రమే నిలబడకపోవడం అని నా అభిప్రాయం. వేగం వయసుతో తగ్గుతుంది. ఎక్కడ నిలబడాలో తెలియడం వయసుతో పెరుగుతుంది. చివరి సీజన్లలో రియల్‌లో చాలాసార్లు రెండో సగంలోనే దిగినా, ఆ పాత్రను గొణుక్కోకుండా స్వీకరించాడు. 2025 మే 24న రియల్ సొంత మైదానం బెర్నబ్యూలో చివరి లీగ్ మ్యాచ్ ఆడినప్పుడు ఇరు జట్లూ వరుసలో నిలబడి చప్పట్లతో సాగనంపాయి.

ఆ తర్వాత చేరిన ఏసీ మిలాన్, చిన్నప్పుడు అతను అభిమానించిన జట్టు. క్రొయేషియా జట్టు కెప్టెన్ జ్వోనిమిర్ బోబన్ అక్కడ ఆడేవాడు కాబట్టి జాదర్ హోటల్‌లోని ఆ పిల్లవాడికి మిలాన్ ఇష్టం. నలభై నిండిన ఐదు రోజులకు, 2025 సెప్టెంబర్ 14న, బొలోన్యా మీద మిలాన్ గెలిచిన 1-0 మ్యాచ్‌లో ఆ ఒక్క గోల్ అతనిదే.

మన దేశంతో ఏమైనా సంబంధం ఉందా?

నేరుగా లేదు. 2019 నుంచి 2024 వరకు భారత జట్టు కోచ్‌గా ఉన్న ఇగోర్ స్టిమాచ్ అంతకుముందు క్రొయేషియా జట్టుకూ కోచ్. ఆ కాలంలో మోడ్రిచ్ ఆయన కింద ఆడాడు. ఇక చిన్న పాస్‌లతో, నేర్పుతో ఆడే మధ్య వరుస విలువ తెలుగునేలకు కొత్త కాదు. హైదరాబాద్‌కు చెందిన ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలోనే భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది.

మా అబ్బాయి మిడ్‌ఫీల్డర్‌గా ఆడుతున్నాడు. మోడ్రిచ్ ఆటలో ఏం గమనించమని చెప్పాలి?

బంతిని చూడవద్దని చెప్పండి. రీప్లేలో ఒక పది నిమిషాలు మోడ్రిచ్ ఒక్కడినే చూడమనండి. బంతి తన దగ్గరకు రాకముందు అతను తలను ఎన్నిసార్లు వెనక్కి తిప్పుతున్నాడో వేళ్ల మీద లెక్కపెట్టమనండి. తర్వాత పాదాలను చూడాలి: బంతికి ఎదురుగా నిటారుగా నిలబడడు, ఒక భుజం వెనక్కి పెట్టి సగం పక్కకు తిరిగి ఉంటాడు, అందుకే బంతి తగిలిన మొదటి స్పర్శతోనే ముందుకు సాగిపోతాడు. ఇవి రెండూ కండబలంతో, ఎత్తుతో పని లేనివి. ఇంటి ముందు గోడకు బంతి కొడుతూ, అది తిరిగొచ్చేలోగా ఒకసారి వెనక్కి చూసి, వెనక ఎవరు నిలబడ్డారో చెప్పమని అబ్బాయిని అడగండి. మొదటి వారం బంతి కాలు దాటి వీధిలోకి పోతూనే ఉంటుంది.